మెట్ల మీద మనిషి: రోమన్ నాణెం మీద దానం బొమ్మ, మన విజయవాడ హైవే మీద నాణేల వాన

ముందే చెప్తున్నా, వెనకాల లారీ హారన్లు వినబడితే ఏమనుకోకండి. ఇవాళ బాటసింగారంలో మా ఇంటి మేడ మీద గదిలోంచి రికార్డ్ చేస్తున్నాను. పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి మా ఊరికి వచ్చిన దగ్గర్నుంచి తెల్లవారుజామున మూడింటికి కూడా ఇక్కడ నిశ్శబ్దం ఉండదు. మామిడి సీజన్ అయితే అసలు అడగొద్దు.

సరే, ఇదిగో ఈ నాణెం చూడండి. కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. మన పది రూపాయల బిళ్ళ కంటే బాగా పెద్దది. బరువైతే మూడు పది రూపాయల బిళ్ళలంత ఉంటుంది. నా మొదటి స్టైపెండ్ రాగానే ఆన్‌లైన్‌లో ఒక నాణేల గ్రూపులో 2,200 రూపాయలు పెట్టి కొన్నాను. "ఒరిజినల్ రోమన్ కంచు నాణెం, నీరో చక్రవర్తిది" అన్నారు. నేను ఇంకేం ఆలోచించకుండా డబ్బులు కొట్టేశాను. పార్సిల్ వచ్చిన వారానికి కోఠిలో ఫుట్‌పాత్ మీద పాత నాణేలు పెట్టుకుని కూర్చునే ఒక పెద్దాయనకి చూపించా. ఆయన కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. అంచు మీద గోరుతో ఒకసారి రాసి చూసి, "ఇది పోత పోసింది బాబూ, కొట్టింది కాదు" అన్నాడు.

అంటే ఏంటో చెప్తా. రోమ్‌లో నాణెం అంటే సుత్తి పని. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మధ్యలో లోహపు బిళ్ళ, సుత్తితో గట్టి దెబ్బ. అలా చేస్తే బొమ్మ గీతలు పదునుగా లేస్తాయి. నకిలీ చేసేవాళ్ళు చాలాసార్లు అసలు నాణెం నుంచి మూస తీసి అందులో లోహం కరిగించి పోస్తారు. అప్పుడు అంచు చుట్టూ సన్నటి అతుకు గీత మిగులుతుంది, పైన సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు పడతాయి. నా దాంట్లో రెండూ ఉన్నాయి. అలాగని పోత పోసినవన్నీ దొంగవి అనుకోకండి. మన సంగారెడ్డి దగ్గర కొండాపూర్ తవ్వకాల్లో శాతవాహనుల కాలపు మట్టి మూసలే దొరికాయి. ఇక్కడ పోత పోయడం కూడా రాజముద్ర పనే. రోమ్‌ది మాత్రం సుత్తి దెబ్బ.

డబ్బులు పోయాయి, అమ్మినవాడు నన్ను బ్లాక్ చేశాడు. కానీ ఆ పెద్దాయన బిళ్ళ తిరిగిస్తూ ఒక మాట అన్నాడు: "కాపీ కొట్టినా మంచి దాన్నే కొట్టిండు. బొమ్మ ఏందో చదువుకో." ఇవాళ్టి ఎపిసోడ్ ఆ బొమ్మ గురించే.

ఇటు వైపు నీరో ముఖం. రెండో వైపు తిప్పుతున్నా. ఎడమ పక్కన ఎత్తైన అరుగు ఉంది, దాని మీద కుర్చీలో కూర్చున్నది చక్రవర్తి. ఆయన ముందు ఒక ఉద్యోగి. అరుగుకి మెట్లు వేసి ఉన్నాయి. ఆ మెట్ల దగ్గర ఒక మనిషి చెయ్యి చాచి నిలబడ్డాడు. వెనకాల దేవతల బొమ్మలు: ఒకటి మినర్వా దేవిది, ఇంకొకటి లిబెరాలిటాస్. లిబెరాలిటాస్ అంటే దాతృత్వం. ఆ గుణానికే ఆడమనిషి రూపం ఇచ్చి నిలబెట్టారన్నమాట, మనం ధాన్యలక్ష్మి, ధైర్యలక్ష్మి అన్నట్టు. చుట్టూ ఉన్న అక్షరాల అర్థం "ప్రజలకు మొదటి పంపకం ఇచ్చాడు" అని. "రెండో పంపకం" అని ఉన్న నాణేలు కూడా ఉన్నాయి.

ఈ పంపకాన్ని కొంగియారియం అనేవాళ్ళు. కొంగియస్ అంటే నూనె, ద్రాక్షసారా కొలిచే పాత్ర, మూడు లీటర్ల పైచిలుకు పడుతుంది. మనకు కుంచం, మానిక ఉన్నట్టు వాళ్ళకది. మొదట్లో పండగలకి నాయకులు జనానికి నూనె, సారా పోసేవాళ్ళు. తర్వాత అది డబ్బుగా మారింది, పేరు మాత్రం కొలపాత్రదే ఉండిపోయింది. టాసిటస్ అనే రోమన్ చరిత్రకారుడు రాసిన దాని ప్రకారం నీరో క్రీ.శ. 57లో తలకి 400 సెస్టర్షియస్‌లు పంచాడు. ఈ పెద్ద బిళ్ళ పేరే సెస్టర్షియస్. అప్పట్లో రోమన్ సైనికుడి ఏడాది జీతం 900. అంటే దాదాపు ఐదు నెలల జీతం ఒకేసారి చేతిలో పెట్టినట్టు. చిన్న మొత్తం కాదు.

ఇక్కడ ఒక తమాషా గమనించండి. డబ్బు పంచింది 57లో. ఆ పంపకాన్ని బొమ్మగా వేసిన ఈ నాణేలు వచ్చింది సుమారు 64 తర్వాత. ఏడేళ్ల కింద ఇచ్చినదాన్ని మళ్ళీ గుర్తు చేస్తున్నాడన్నమాట. 64లోనే రోమ్ నగరం తగలబడింది, నీరో మీద జనానికి కోపంగా ఉంది. అప్పుడు జేబులో వేసుకునే ప్రతి పెద్ద బిళ్ళ మీదా "నేను ఇచ్చాను" అనే బొమ్మ.

దీన్ని కంచు నాణెం అంటున్నాం గానీ, పట్టుబట్టి చెప్పాలంటే సెస్టర్షియస్ ఇత్తడిది, అంటే రాగి, జింకు. నాణేలు సేకరించేవాళ్ళు రాగివి, ఇత్తడివి అన్నిటినీ కలిపి కంచువి అనేస్తారు. వీటి మీదే దానం బొమ్మలు విరివిగా ఎందుకు వేశారనేది నాకు భలే నచ్చిన విషయం. ఒకటి, వీటి సైజు పెద్దది, ఐదారుగురు మనుషులు, అరుగు, మెట్లు అన్నీ పడతాయి. ఇంకొకటి, బంగారం చేతులు మారేది పెద్దవాళ్ళ మధ్య. రొట్టె కొనేవాడు, స్నానశాలకి వెళ్ళేవాడు, కూలి తీసుకునేవాడు చూసేది ఈ రాగి, ఇత్తడి బిళ్ళలే. పోస్టర్ ఎక్కడ అతికించాలో రోమ్ వాళ్ళకి బాగా తెలుసు.

ఇప్పుడు కొంచెం నా సొంత విషయం. 2020 లాక్‌డౌన్‌లో నేను ఇంటర్ చదువుతున్నా. నాన్న కొత్తపేట మార్కెట్లో హమాలీ. పనులు ఆగిపోయాయి. ఒకరోజు సరుకుల సంచులు ఇస్తున్నారని తెలిసి అమ్మా నేనూ వెళ్ళాం. ఎవరిచ్చారు, ఏ పార్టీ అనేది ఇప్పుడు అనవసరం. ఐదు కిలోల బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్. సంచి మీద నిలువెత్తు ఫోటో. అక్కడ ఒక టేబుల్, టేబుల్ వెనక నలుగురు, ముందు మేము. సంచి వెంటనే చేతికి ఇవ్వలేదు. "అమ్మా, ఇటు చూడు, ఇటు" అని ఫోన్ పట్టుకున్న అబ్బాయి రెండుసార్లు తీశాడు. మొదటిసారి అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అది బాగా రాలేదట. కొంగు తీయమన్నారు. సాయంత్రానికి ఆ ఫోటో ఎవరెవరి స్టేటస్‌లలోనో తిరిగి మా క్లాస్‌మేట్ నాకే పంపాడు, "మీ మమ్మీనా రా?" అని.

బియ్యం తిన్నాం. నేను కాదనడం లేదు, ఆ వారం అవి లేకపోతే కష్టమయ్యేది. కానీ ఈ నకిలీ నాణెం మీద మెట్ల దగ్గర చెయ్యి చాచిన మనిషిని మొదటిసారి సరిగ్గా చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ టేబులే. ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద, మధ్యలో ఎవరో ఆ క్షణాన్ని అచ్చు వేసేవాడు. రెండు వేల ఏళ్లయినా ఫ్రేమ్ మారలేదు.

మళ్ళీ రోమ్‌కి వద్దాం. నీరో తర్వాత ఈ బొమ్మలు బాగా పెరిగాయి. నెర్వా అనే ముసలాయన 96లో చక్రవర్తి అయ్యాడు, రెండేళ్లు కూడా లేడు. కానీ ఆయన కంచు నాణేలు చూస్తే మన ప్రభుత్వ ప్రకటనలు చూసినట్టే ఉంటుంది. ఒక దాని మీద ధాన్యం కొలిచే కుంచం, అందులోంచి పైకి లేచిన వెన్నులు, నగర పేదలకు ధాన్యం ఏర్పాటు చేశామని రాత. ఇంకో దాని మీద రెండు కంచర గాడిదలు హాయిగా మేస్తుంటాయి, వెనక విప్పేసిన బండి. అదేంటంటే, ఇటలీలో ప్రభుత్వ టపాకి, ఉద్యోగుల ప్రయాణాలకి ఊళ్ళవాళ్ళు బండ్లూ పశువులూ సమకూర్చే భారం ఉండేది. ఆ భారం తీసేశానని చెప్పడం. మన భాషలో వెట్టి రద్దు. తెలంగాణలో మన తాతల తరం ఈ బండి వెట్టి చేసినవాళ్ళే కాబట్టి, ఆ మేస్తున్న గాడిదల బొమ్మ విలువ మనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

హేడ్రియన్‌ది ఇంకా సూటిగా ఉంటుంది. 118లో ప్రజలు ఖజానాకి బాకీపడ్డ 90 కోట్ల సెస్టర్షియస్‌లు మాఫీ చేశాడు. నాణెం మీద ఒక భటుడు కాగడా పట్టుకుని కింద కుప్ప పోసిన బాకీ పత్రాలకి నిప్పు పెడుతుంటాడు. మొత్తం ఎంతో కూడా నాణెం మీద రాసేశారు. రుణమాఫీ అంటే మనకి బ్యాంకు మెసేజ్ వస్తుంది, వాళ్ళకి కాగితాలు కాల్చి చూపించారు.

తర్వాత ఆంటోనైనస్ పయస్ వచ్చేసరికి పంపకాలకి నంబర్లు కూడా స్థిరపడ్డాయి. 23 ఏళ్ల పాలనలో తొమ్మిదో దానం వరకు లెక్క నాణేల మీద కనిపిస్తుంది. లిబెరాలిటాస్ దేవి చేతిలో ఒక వస్తువు ఉంటుంది, గుంటలు తవ్విన చెక్క పలక. నాణేలు దాని మీద పోసి ఊపితే గుంటకొకటి చొప్పున కూర్చుంటాయి, లెక్క తప్పదు. మన దక్షిణాదిలోనే తిరువాన్కూరు రాజ్యంలో చక్రం అనే బుల్లి వెండి నాణేలు లెక్కపెట్టడానికి అచ్చం ఇలాంటి గుంటల పలకే వాడేవాళ్ళు. దానం చేసే దేవత చేతిలో వరాల కుండ ఒక పక్క, లెక్కల పలక ఇంకో పక్క. ఎవరికి ఎంత, ఎంతమందికి అన్నీ పక్కా. అగస్టస్ తన గురించి తానే చెక్కించుకున్న శాసనంలో కూడా ఇంతే: ఏ ఏడాది ఎంతమందికి, తలకి ఎంత అని వరసగా చెప్తాడు. ఎప్పుడూ రెండున్నర లక్షల మందికి తగ్గలేదు అంటాడు, ఒకసారి 3,20,000 మంది అంటాడు.

మరి ఆ డబ్బు ఎక్కడిది? యుద్ధాల్లో దోచుకొచ్చింది, గెలిచిన దేశాల పన్నులు, ఈజిప్టు నుంచి ఓడల్లో వచ్చే గోధుమలు. పుచ్చుకునేవాళ్ళు ఎవరు? రోమ్ నగరంలో జాబితాలో పేరున్న పౌరులు, మగవాళ్ళు. బానిసలకి లేదు. గోధుమ పండించిన ఈజిప్టు రైతుకి అసలే లేదు. మా మార్కెట్లో రోజూ చూస్తాను కదా, మామిడి పెట్టె మీద కమిషన్ షాపు స్టిక్కర్ ఉంటుంది, రంగురంగులుగా. చెట్టు పెంచినాయన పేరు పెట్టె మీద ఎక్కడా ఉండదు. చక్రవర్తి బొమ్మ ఆ స్టిక్కర్ లాంటిది అనిపించింది నాకు.

నీరో ఇంకో పని చేశాడు. దానం బొమ్మలు వేస్తున్న ఆ రోజుల్లోనే వెండి దీనారం బరువు తగ్గించాడు. అంతకుముందు ఒక పౌను వెండికి 84 కొట్టేవాళ్ళు, ఇప్పుడు 96. వెండి స్వచ్ఛత కూడా తగ్గించాడు. ఇత్తడి బిళ్ళ మీద ఇస్తున్నట్టు బొమ్మ, వెండి బిళ్ళలోంచి తీసుకోవడం.

ఇక్కడ మన నల్లగొండ కథలోకి వస్తుంది. అక్కెనపల్లిలో పదిహేను వందలకు పైగా రోమన్ వెండి దీనారాలు ఒకేచోట దొరికాయి. మన దేశంలో దొరికిన ఇలాంటి వెండి కుప్పల్లో ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్ కాలంవి, అంటే నీరో కల్తీకి ముందువి. నీరో మార్చిన తర్వాతి వెండి మన వైపు బాగా తక్కువ. మన వర్తకులు పాత మంచి వెండినే కోరుకున్నారని చాలామంది చరిత్రకారులు చెప్తారు. ఏటా ఐదు కోట్ల సెస్టర్షియస్‌లు ఇండియా లాగేస్తోందని ప్లినీ అనే ఆయన గోల పెట్టింది కూడా ఆ రోజుల్లోనే. ఇక చక్రవర్తి దానగుణం చాటే పెద్ద ఇత్తడి బిళ్ళలు సముద్రం దాటి ఇటు రావాల్సిన పని లేదు. ఆ పోస్టర్ రోమ్ వీధులకి. మనవాళ్ళకి కావాల్సింది తూకం. తమిళనాడు పుదుక్కోట దగ్గర 1898లో 501 రోమన్ బంగారు నాణేలు దొరికితే, వాటిలో చాలా వాటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో గాటు పెట్టి ఉంది. ఎందుకు పెట్టారనే దాని మీద వాదనలు ఉన్నాయి. డబ్బుగా చెల్లకుండా చేసి లోహంగా వాడుకోవడానికి అనేది నాకు నమ్మబుద్ధి అయ్యే మాట. ఏదైనా ఆ ముఖం చూసి ఇక్కడ ఎవరూ దండం పెట్టలేదు.

ఇదంతా చదువుతున్నప్పుడు ఒకరోజు ఫోన్‌లో నీరో నాణెం పెద్దగా చేసి అమ్మకి చూపించా. అరుగు, కుర్చీ, మెట్లు అన్నీ వివరించా. అమ్మ మొత్తం విని ఒకటే అడిగింది: "మెట్ల మీద ఉన్నాయన పేరేంది?"

పేరు లేదమ్మా అన్నాను. చక్రవర్తి పేరు, బిరుదులు, ఎన్నో పంపకం అనే నంబరు, నాణెం కొట్టడానికి సెనేట్ అనుమతి గుర్తు, అన్నీ ఉన్నాయి. ఆ ఒక్కడి పేరు లేదు.

అప్పుడు మన రాజులు ఏం చేశారా అని వెతికాను. వెతికితే దొరికింది ఎక్కడో కాదు, మా ఇంటి ముందు వెళ్తున్న ఈ రోడ్డు మీదే. చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ దాటి ఆంధ్రలోకి వెళ్ళగానే జగ్గయ్యపేట వస్తుంది కదా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. అక్కడ ధనం బోడు అనే మెరక ఉంది. పేరు చూడండి, ధనం బోడు! జేమ్స్ బర్జెస్ అనే పురావస్తు అధికారి 1882లో అక్కడ తవ్వితే బౌద్ధ స్తూపం బయటపడింది. దాని చుట్టూ పేర్చిన రాతి పలకల్లో ఒకటి ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. దాదాపు రెండు వేల ఏళ్ల నాటిది.

ఆ పలక మీద మధ్యలో రాజు నిలువెత్తుగా నిలబడ్డాడు. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, ఇంకా ఇద్దరు పరివారం. చక్రవర్తికి ఉండాల్సిన ఏడు రత్నాలు అవి. రాజు ఎడమ చెయ్యి గుండె దగ్గర పెట్టి, కుడి చెయ్యి పైకెత్తాడు. పైన మబ్బులున్నాయి. ఆ మబ్బుల్లోంచి వాన పడుతోంది. దగ్గరగా చూస్తే అవి నీటి చుక్కలు కావు, చతురస్రపు నాణేలు! ఆ రోజుల్లో చెలామణిలో ఉన్న కార్షాపణాలు అలా పలకల్లాగే ఉండేవి. తెలుగు నేల మీద చక్రవర్తి ఔదార్యానికి ఇంతకంటే సూటి బొమ్మ నాకు కనబడలేదు.

కానీ ఈ బొమ్మకీ నీరో బొమ్మకీ చాలా తేడా ఉంది. ఇక్కడ అరుగు లేదు, మెట్లు లేవు, చెయ్యి చాచినవాడు లేడు, లెక్కల పలక లేదు. ఇంకో పెద్ద తేడా ఆ కథలో ఉంది. ఈ రాజుని చాలామంది పండితులు మాంధాత అంటారు. బౌద్ధ కథల్లో మాంధాత తలుచుకుంటే ఆకాశం నుంచి ధనం కురుస్తుంది. అంతా ఏలాడు, అయినా సరిపోలేదు. స్వర్గానికి వెళ్తే ఇంద్రుడు సగం రాజ్యం ఇచ్చాడు, అదీ సరిపోలేదు. మిగతా సగం కోసం ఇంద్రుడినే తప్పిద్దామనుకున్నాడు. ఆ ఆలోచన రాగానే కింద పడి, ముసలివాడై, చచ్చిపోయాడు. కాబట్టి ఆ పలక చూసిన భక్తుడికి నాణేల వాన ఎంత బాగుందో, దాని వెనకాలే రాజు పతనం కూడా గుర్తొస్తుంది. నీరో నాణెంలో ఆ రెండో సగం ఉండదు, ఎందుకంటే దాన్ని కొట్టించింది నీరోనే. స్తూపం పలక చెక్కింది రాజు ప్రచారం కోసం కాదు.

మనవాళ్ళు ప్రచారం చేసుకోలేదని చెప్పడం లేదు, తప్పుగా అర్థం చేసుకోకండి. నాగార్జునకొండ శాసనాలు చూడండి. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి పేరు వచ్చినప్పుడల్లా ముందు ఒక బిరుదుల గొలుసు వస్తుంది: కోట్ల బంగారం, లక్ష ఆవులు, లక్ష నాగళ్ళ నేల దానం చేసినవాడు అని. శాసనం తర్వాత శాసనం, అదే మాట. రోమ్ వాళ్ళ లిబెరాలిటాస్‌కి ఇది అన్న. కాకపోతే అది రాతి స్తంభం మీద ప్రాకృతంలో ఉంది, జేబులో నాణెం మీద లేదు. ఇక్ష్వాకుల నాణేలు సీసంవి. మొన్న 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో తవ్వుతుంటే ఒక మట్టి కుండ దొరికింది, అందులో 3,730 సీసపు నాణేలు. ఒక్కొక్కటి రెండు గ్రాముల పైచిలుకు. ఒక వైపు ఏనుగు, ఇంకో వైపు ఉజ్జయిని గుర్తు. దానం బొమ్మ లేదు, రాజు ముఖం కూడా లేదు. కోట్ల బంగారం పంచామన్న వంశం, జనం చేతిలో పెట్టింది సీసం మీద ఏనుగు.

నాకు అనిపించేది ఏంటంటే, రోమ్ చక్రవర్తికి రోమ్ వీధిలో జనం కావాలి. ఆకలితో వాళ్ళు రోడ్డెక్కితే సింహాసనం కదులుతుంది. అందుకే బొమ్మ వాళ్ళ జేబులోకి పంపాడు. మన రాజుకి అప్పట్లో కావాల్సింది బ్రాహ్మణులు, భిక్షువులు, వాళ్ళ ఆశీస్సులు. అందుకే బొమ్మ, మాట రెండూ యజ్ఞశాలకీ స్తూపానికీ వెళ్ళాయి. ఇది నా లెక్క, ఎవరైనా వేరేగా చెప్తే వింటాను.

స్తూపం దగ్గర ఇంకో విషయం జరిగింది. అక్కడ దానం రాజు గుత్తసొత్తు కాదు. నాగార్జునకొండలో పెద్ద దాతలు ఆడవాళ్ళు. రాజు మేనత్త శాంతిశ్రీ మహాచైత్యం పనులు చేయించింది. రుద్రధర భట్టారిక అనే రాణి ఒక స్తంభంతో పాటు 170 దీనారి మాషకాలు ఇచ్చినట్టు చెక్కి ఉంది. దీనారి! రోమ్ దీనారం పేరు కృష్ణా ఒడ్డున రాతి మీదకి ఎక్కింది చూడండి. ఇక జగ్గయ్యపేటలో, వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో, ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించినవాడు రాజూ కాదు, రాణీ కాదు. సిద్ధత్థుడు అనే పనివాడు. శిల్పి, మేస్త్రి అనుకోండి. తండ్రి పేరు నాకచందుడు. ఊరి పేరు చెప్పాడు, కమ్మక రట్ఠం అని ప్రాంతం పేరు చెప్పాడు, ఇంట్లోవాళ్ళని కలిపి చెప్పాడు. అన్నీ చెక్కించాడు. సుత్తి, ఉలి పట్టుకునే మనిషి తన పేరుతో తానే ఇచ్చాడు.

ఇది అమ్మకి చెప్పాను. "గది మంచిగుంది" అంది. ఇంకేం అనలేదు, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి.

మన కాలానికి రెండు ముక్కలు. ఎన్నికల కోడ్ రాగానే హోర్డింగుల మీద, శిలాఫలకాల మీద నాయకుల ఫోటోలకి కాగితాలు, గుడ్డలు కప్పేస్తారు, చూసే ఉంటారు. బొమ్మకి ఓటుని కదిపే బలం ఉందని ఒప్పుకున్నట్టే కదా. 2015లో సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫోటోలు తప్ప వేరేవి వద్దంది. మరుసటి ఏడాదే ముఖ్యమంత్రులు, గవర్నర్లు, మంత్రుల ఫోటోలకి కూడా సరే అంది. ఏడాది కూడా ఆగలేకపోయారు. ఇంకొకటి, ఎన్టీఆర్ శతజయంతికి 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసిన 100 రూపాయల నాణెం. సగం వెండి. ఒక వైపు ఆయన ముఖం, ఇంకో వైపు సింహాల స్తంభం. రెండు రూపాయల కిలో బియ్యం అంటే మా నాయనమ్మ ఇప్పటికీ ఆయన పేరే చెప్తుంది. నెర్వా కాలంలో అయితే ఆ నాణెం మీద కచ్చితంగా బియ్యం కుంచం వేసేవాళ్ళు. మనవాళ్ళు వేయలేదు. నాకైతే అదే నచ్చింది.

వెళ్ళే ముందు పనికొచ్చే మాట ఒకటి. మన చుట్టూ ఇప్పుడు వెంచర్లు, పునాదులు, పైపులైన్లు అని ఎక్కడ చూసినా తవ్వకాలే. ఎక్కడైనా కుండలో నాణేలు దొరికితే కడగొద్దు, రుద్దొద్దు, పంచుకోవద్దు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా ఉంది, పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టర్‌కి తెలియజేయాలి. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. ఆ ఫణిగిరి కుండ దొరికిన చోటే, దొరికిన తీరులోనే నమోదు కాబట్టి అది ఇక్ష్వాకుల కాలందని చెప్పగలుగుతున్నాం. అదే ఎవరైనా నాలాంటి వాడికి ఆన్‌లైన్‌లో అమ్మి ఉంటే ఉత్త సీసం ముక్కలు.

అసలు రోమన్ నాణేలు కళ్ళతో చూడాలంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం ఉంది, ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే దగ్గరే. ఈ నకిలీ బిళ్ళని మాత్రం నేను పడేయలేదు. ఆ సంచి కూడా ఇంట్లోనే ఉంది, అమ్మ దాన్ని తిరగేసి కుట్టి, ఉల్లిగడ్డలు పోసి వంటింట్లో మేకుకి తగిలించింది. ఫోటో లోపలి వైపు ఉంది. సరే, లోడ్ దించడానికి నాన్న పిలుస్తున్నారు. ఉంటాను.